జట్టుకు కట్టు కట్టిన పంతులు

ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, ఆసియా క్రీడల్లో రెండు బంగారు పతకాలు. హైదరాబాదు బడిపంతులు రహీం కాలంలో భారత ఫుట్‌బాల్ ఎక్కిన మెట్ల కథ, పుత్తూరు నుంచి.

పుత్తూరు బస్టాండులో కొత్త మొహం కనిపిస్తే ఆటోవాళ్లు ఏ ఊరికని అడగరు. "కట్టుకా సామీ?" అంటారు. చేతికి తువ్వాలు చుట్టుకున్న మనిషి ఒకరు, ఎక్స్‌రే కవరు పట్టుకున్న మనిషి ఇంకొకరు కలిసి దిగితే ఆ మాట కూడా ఉండదు. ఆటో నేరుగా ముందుకొచ్చి నిలబడుతుంది. ఊరి పక్కన ఈశ్వరాపురంలో రాజుల కుటుంబం తరతరాలుగా ఎముకలకు కడుతున్న కట్టు అది. ఆకు పసరు, కోడిగుడ్డు తెల్లసొన, వెదురుబద్దలు, నూలుగుడ్డ. నూరేళ్లు దాటిన ఈ విద్య కోసం ఇటు మన జిల్లాల నుంచే కాదు, అటు తమిళనాడు నుంచి, కర్ణాటక నుంచి జనం వస్తూనే ఉంటారు. దేశంలో చాలామందికి పుత్తూరంటే ఒక ఊరు కాదు, ఒక కట్టు.

ఇంట్లో ఒకరికి మణికట్టు బెణికితే తోడు వెళ్లాను. వరుసలో మా పక్కన పదో తరగతి పిల్లోడు ఎడమచెయ్యి ఒళ్లో పెట్టుకొని కూర్చున్నాడు. వేసుకున్న చొక్కా మీద మెస్సీ పేరుంది. ఏమైందబ్బా అంటే, "ఫుట్‌బాల్ ఆడతా పడినానన్నా" అన్నాడు. మా వైపు పిల్లలు క్రికెట్ ఆడి పడతారు, కబడ్డీ ఆడి పడతారు. ఫుట్‌బాల్ ఆడి పడినవాడు కనిపించేసరికి నాకు ముచ్చటేసింది. మన జట్టులో ఎవరు తెలుసని అడిగాను. సునీల్ ఛెత్రి అన్నాడు. ఛెత్రి పుట్టింది సికిందరాబాదులోనే అంటే ఒకసారి అనుమానంగా చూసి, వాళ్ల నాయన ఫోను తీసుకొని వెతికి, తల ఊపాడు. ఆ తర్వాత అడిగాడు. "మన ఇండియా టీము ఎప్పుడైనా గెలిచిందా అన్నా?"

కట్టు కట్టేవారు పిలవడంతో వాడు లేచి లోపలికి పోయాడు. జవాబు నా దగ్గరే ఉండిపోయింది.

గెలిచింది నాయనా. ఇప్పటి పిల్లలు ఊహించలేనంత బాగా గెలిచింది. ఆ గెలుపుల వెనక ఉన్న మనిషి మన హైదరాబాదు బడుల్లో పాఠం చెప్పిన పంతులు.

ఎనిమిది మ్యాచుల లెక్క

ముందు అంకెలు దాచకుండా చెప్పుకుందాం. భారత ఫుట్‌బాల్ జట్టు ఒలింపిక్స్‌లో వరసగా నాలుగుసార్లు ఆడింది. 1948 లండన్, 1952 హెల్సింకి, 1956 మెల్‌బోర్న్, 1960 రోమ్. మొత్తం ఎనిమిది మ్యాచులు. గెలిచింది ఒకటి, డ్రా ఒకటి, ఓడినవి ఆరు. వేసిన గోల్స్ 10, ఇచ్చినవి 27. అంకెల్ని అంకెలుగానే చూసేవాళ్లు ఇందులో గొప్పేముంది అంటారు. అయితే ఈ ఎనిమిదింటినీ వరసలో పెట్టి చూడాలి. మొదటి మ్యాచుకీ చివరి మ్యాచుకీ మధ్య ఒక జట్టు నడక నేర్చుకున్న తీరు అందులో ఉంది.

ప్రపంచ కప్పు సంగతి తొందరగా చెప్పేస్తాను. మనం ఎప్పుడూ ఆడలేదు. 1950లో బ్రెజిల్ వెళ్లే అవకాశం వచ్చింది. అర్హత గ్రూపులో ఉన్న బర్మా, ఇండోనేసియా, ఫిలిప్పీన్స్ తప్పుకోవడంతో మనకు చోటు దక్కింది. స్వీడన్, ఇటలీ, పరాగ్వేలతో ఒకే గ్రూపు. మనవాళ్లు వెళ్లలేదు. బూట్లు వేసుకోరని ఫిఫా రానివ్వలేదన్న కథ ఇప్పటికీ ఊరూరా తిరుగుతుంది. అది కట్టుకథ. ఓడ ప్రయాణం, సాధనకు సమయం, జట్టు ఎంపికలో తగాదాలు, అన్నిటికన్నా మించి మన అధికారులకు అప్పట్లో ఒలింపిక్స్ మీద ఉన్న గురి ప్రపంచ కప్పు మీద లేకపోవడం, ఇవీ అసలు కారణాలు. ఇంత పెద్ద తప్పుకు బూట్లను అడ్డం పెట్టుకోవడం ఆ ఆటగాళ్లకు అన్యాయం.

వట్టికాళ్ల కాలం

అయితే బూట్ల మాట పూర్తిగా అబద్ధమూ కాదు. 1948 జూలై 31న లండన్ పక్కన ఇల్ఫర్డ్‌లో ఫ్రాన్స్‌తో మన జట్టు ఆడినప్పుడు చాలామంది ఒట్టి పాదాలతోనే దిగారు. స్వాతంత్ర్యం వచ్చి ఇంకా ఏడాది కూడా నిండలేదు. నాగా కొండల నుంచి వచ్చిన వైద్య విద్యార్థి తాలిమెరెన్ ఆవో కెప్టెన్. సారంగపాణి రామన్ గోల్ కొట్టి స్కోరు సమం చేశాడు. రెండు పెనాల్టీలు దొరికాయి, రెండూ చేజారాయి. ఆఖరుకు 1-2తో ఓడాం. ఓడినా లండన్ జనం ఆ కాళ్లను చూసి ఆశ్చర్యపోయారు. బూట్లు తొడుక్కున్న కాళ్ల మధ్య నుంచి బంతిని ఒట్టి వేళ్లతో లాక్కుపోవడం వాళ్లు ఎన్నడూ చూడనిది.

మూడేళ్లకు 1951 మార్చిలో ఢిల్లీలో మొదటి ఆసియా క్రీడలు. ఇండోనేసియా మీద 3-0, ఆఫ్ఘనిస్తాన్ మీద 3-0, ఫైనల్లో ఇరాన్ మీద 1-0. మేవాలాల్ కొట్టిన గోల్‌తో మొదటి బంగారం. కెప్టెన్ శైలేన్ మన్నా. శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీం. ఇప్పటికి ఈ పేరు గుర్తుపెట్టుకోండి.

ఆ బంగారం తాలూకు ధీమా 1952 హెల్సింకిలో ఒక్క మ్యాచుతో కరిగిపోయింది. చలిదేశం, తడిసిన గడ్డి. యుగోస్లావియా పది గోల్స్ కొట్టింది. మన తరఫున అహ్మద్ ఖాన్ ఒకటి కొట్టాడు. 1-10. మన ఒలింపిక్ చరిత్రలో ఇంతకంటే పెద్ద దెబ్బ లేదు. ఆ తర్వాతే బూట్లు తప్పనిసరి చేశారు. నా మట్టుకు నాకు ఈ ఓటమి ఎప్పుడూ సిగ్గుగా అనిపించలేదు. ఎముక ఎక్కడ విరిగిందో తెలియకుండా ఎవరూ కట్టు కట్టలేరు. హెల్సింకిలో అది తెలిసింది. కట్టవలసిన మనిషి ఆ రోజు మైదానం పక్కనే కూర్చొని ఉన్నాడు.

కాచిగూడ బడి, పోలీసు మైదానం

రహీం 1909లో హైదరాబాదులో పుట్టారు. ఉస్మానియాలో చదివారు. కాచిగూడ మిడిల్ స్కూలు, చాదర్‌ఘాట్ హైస్కూలు లాంటి బడుల్లో పాఠాలు చెప్పారు, పిల్లల్ని ఆడించారు. అందుకే ఆయనను కోచ్ అనడం కంటే పంతులు అనడమే సరిపోతుందని నా అభిప్రాయం. ఆయన దగ్గర ఆడినవాళ్లందరూ రహీం సాబ్ అనే పిలిచారు. హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం బాధ్యతలు చూస్తూ, 1950 నుంచి చనిపోయేదాకా హైదరాబాద్ సిటీ పోలీసు జట్టును తీర్చిదిద్దారు.

ఆ పోలీసు జట్టు ఏం చేసిందో ఇప్పుడు చెబితే పిల్లలు నమ్మరు. బొంబాయిలో జరిగే రోవర్స్ కప్పును 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదేళ్లు గెలిచింది. 1950లో డ్యూరాండ్ కప్పు ఫైనల్లో మోహన్ బగాన్‌ను ఓడించింది. కలకత్తా అంటే ఫుట్‌బాల్, ఫుట్‌బాల్ అంటే కలకత్తా అనుకునే రోజులవి. అలాంటి రోజుల్లో హైదరాబాదు కానిస్టేబుళ్లు వెళ్లి కప్పులు మోసుకొచ్చారు. రాష్ట్రాల పోటీ సంతోష్ ట్రోఫీని కూడా హైదరాబాదు 1956, 1957 సీజన్లలో వరసగా రెండుసార్లు గెలుచుకుంది.

రహీం పద్ధతిలో నన్ను ఎక్కువగా కట్టిపడేసేది ఆయన పెట్టించిన పోటీలు. బలహీనమైన కాలితోనే ఆడాలనే పోటీ ఒకటి. కుడికాలు వాటం ఉన్నవాడు ఎడమకాలితోనే బంతి ముట్టుకోవాలి. బంతిని ఒంటరిగా తోసుకుపోకూడదు, వెంటనే తోటివాడికి అందించాలనే పోటీ ఇంకొకటి. మనవాళ్లు పొట్టివాళ్లు, బక్కవాళ్లు. యూరోపువాళ్లతో భుజం భుజం రాసుకొని ఆడితే నిలవలేరు. అందుకని బంతిని నేల మీదే ఉంచాలి, ఒకటి రెండు తాకుళ్లకే అందించాలి, రెండు కాళ్లూ ఒకేలా పలకాలి. తరగతిలో పలక మీద ఓనమాలు దిద్దించినట్టే ఇది కూడా. ముందుకు దూసుకుపోయే ఫార్వర్డును ఒకణ్ణి వెనక్కి లాగి ఆడించడం, నలుగురు ఇద్దరు నలుగురుగా జట్టును నిలబెట్టడం లాంటివి బ్రెజిల్ పుణ్యమా అని ప్రపంచానికి తెలియకముందే రహీం తమతో ఆడించారని ఆయన శిష్యులు చెప్పేవారు.

తులసీదాస్ బలరాం కథ ఈ పంతులును పూర్తిగా పట్టి చూపిస్తుంది. సికిందరాబాదు పక్కన అమ్ముగూడ పిల్లోడు. చేతిలో డబ్బు లేదు, ఆట మాత్రం ఉంది. ఊళ్లో ఆడుతుండగా రహీం కంట్లో పడ్డాడు. ప్రాక్టీసుకు రోజూ అంత దూరం రావడం కుదరదంటే, సైకిలు అద్దెకు డబ్బులు రహీం సాబే ఇచ్చేవారని బలరాం పెద్దయ్యాక చెప్పుకున్నారు. అద్దె సైకిలు మీద వచ్చిన ఆ కుర్రాడు కొన్నేళ్లకే భారత ఫుట్‌బాల్ ముగ్గురు మొనగాళ్లలో ఒకడయ్యాడు. చునీ గోస్వామి, పీకే బెనర్జీ, బలరాం. ఈ మూడు పేర్లను ఇప్పటికీ బెంగాలీలు ఒకే ఊపిరిలో పలుకుతారు. మన దగ్గర మాత్రం మూడో పేరు తెలిసినవాళ్లు ఎందరున్నారో నాకు సందేహమే.

రాష్ట్రం పుట్టిన నెలకు

ఇక్కడ ఒక తేదీ దగ్గర ఆగుతాను. పుత్తూరు 1953 దాకా మద్రాసు రాష్ట్రంలో ఉంది, తర్వాత ఆంధ్ర రాష్ట్రంలోకి వచ్చింది. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడడంతో పుత్తూరుకు, హైదరాబాదుకు ఒకే రాష్ట్రం అయ్యింది. సరిగ్గా నెల తిరిగేసరికి, డిసెంబరు 1న, మెల్‌బోర్న్ ఒలింపిక్స్ క్వార్టర్ ఫైనల్లో భారత జట్టు ఆస్ట్రేలియా మీదికి దిగింది. ఆ జట్టులో గోల్‌కీపరు పీటర్ తంగరాజ్ పుట్టింది హైదరాబాదులో. అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, అహ్మద్ హుస్సేన్, సలాం, జుల్ఫికరుద్దీన్, బలరాం, వీళ్లంతా హైదరాబాదు ఆటలో పెరిగినవాళ్లు. శిక్షకుడు హైదరాబాదు పంతులు. కొత్త రాష్ట్రం ఒలింపిక్స్‌కు పంపిన తొలి కానుక అది. రాష్ట్రావతరణ రోజున ఈ సంగతి ఎవరూ తలుచుకోగా నేను వినలేదు. తలుచుకోవాలి.

మొదటి రౌండులో హంగరీ రాకపోవడంతో మనకు నేరుగా క్వార్టర్ ఫైనల్ దక్కింది. ఆస్ట్రేలియా మ్యాచులో బొంబాయి ఫార్వర్డు నెవిల్ డిసౌజా మూడు గోల్స్ కొట్టాడు. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో ఆసియా ఖండం వాడు హ్యాట్రిక్ కొట్టడం అదే మొదలు. కిట్టు నాలుగోది కొట్టాడు. 4-2. సొంతగడ్డ మీద ఓడిన ఆస్ట్రేలియన్లతో పది రోజులు దాటాక సిడ్నీలో స్నేహపూర్వక మ్యాచు జరిగింది. అందులో మనవాళ్లు 7-1తో గెలిచారు. అంటే మొదటి గెలుపు గాలివాటం కాదన్నమాట.

సెమీఫైనల్లో ఎదురుగా యుగోస్లావియా. నాలుగేళ్ల కిందట పది గోల్స్ కొట్టిన అదే దేశం. సగం ఆట గోల్ లేకుండా గడిచింది. 52వ నిమిషంలో డిసౌజా గోల్ కొట్టాడు. భారత్ 1, యుగోస్లావియా 0. ఆ నిమిషాన్ని నేను కళ్లతో చూడలేదు, రేడియోలో వినలేదు. పుస్తకంలో చదివినప్పుడే ఒళ్లు జలదరించింది. ఆధిక్యం రెండు మూడు నిమిషాలు కూడా నిలవలేదు. యుగోస్లావ్‌లు సమం చేశారు, ముందుకు పోయారు, చివరకు 4-1తో గెలిచారు. కాంస్యం కోసం ఆడిన మ్యాచులో బల్గేరియా 3-0తో ఓడించింది. నాలుగో స్థానం. ఆసియా నుంచి వచ్చిన జట్టు ఒలింపిక్ సెమీఫైనల్ దాకా వెళ్లడం అదే తొలిసారి. డిసౌజా నాలుగు గోల్స్‌తో ఆ ఒలింపిక్స్‌లో అత్యధికంగా గోల్స్ కొట్టినవారిలో ఒకడిగా నిలిచాడు.

నాలుగో స్థానానికి పతకం ఉండదు, ఫొటో ఉండదు. అందుకే మెల్‌బోర్న్ మన జ్ఞాపకంలో నుంచి జారిపోయింది. 1-10 నుంచి 1-0 ఆధిక్యానికి నాలుగేళ్లలో వచ్చిన జట్టును ఇంకే దేశమైనా అయితే పాఠ్యపుస్తకంలో పెట్టుకునేది.

రోములో ఎనిమిది నిమిషాలు

1960 ఏప్రిల్‌లో మా పక్క తిరుత్తణి తాలూకా మద్రాసు రాష్ట్రానికి వెళ్లిపోయింది. మా వైపు పెద్దవాళ్లు ఆ ఏడాదిని సరిహద్దుతోనే గుర్తుపెట్టుకున్నారు. అదే ఏడాది ఆగస్టులో రోమ్‌లో మన జట్టుకు దొరికిన గ్రూపు చూడండి. హంగరీ, ఫ్రాన్స్, పెరూ. ఫ్లోరియాన్ ఆల్బర్ట్ లాంటి ఆటగాడున్న హంగరీతో 1-2. మన గోల్ అమ్ముగూడ బలరాందే. ఫ్రాన్స్‌తో కెప్టెన్ పీకే బెనర్జీ 71వ నిమిషంలో గోల్ కొట్టి ముందు నిలబెట్టాడు. 82వ నిమిషంలో ఫ్రాన్స్ సమం చేసింది. ఇంకో ఎనిమిది నిమిషాలు ఓర్చుకొని ఉంటే ఫ్రాన్స్ మీద ఒలింపిక్ విజయం మన ఖాతాలో ఉండేది. పెరూతో 1-3. గ్రూపులో అట్టడుగున నిలిచాం. అప్పటి నుంచి ఇప్పటిదాకా భారత పురుషుల ఫుట్‌బాల్ జట్టు మళ్లీ ఒలింపిక్స్‌లో అడుగుపెట్టలేదు.

జకార్తాలో కుట్లు

పుత్తూరువాడిగా నాకు అన్నిటికన్నా దగ్గరైన ఘట్టం 1962 జకార్తా ఆసియా క్రీడలు. ఎందుకో మీకే తెలుస్తుంది.

ఆగస్టు 26న మొదటి మ్యాచులోనే దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓడాం. తర్వాత థాయిలాండ్ మీద 4-1, జపాన్ మీద 2-0. రెండు మ్యాచుల్లోనూ బలరాం గోల్స్ ఉన్నాయి. థాయిలాండ్ మ్యాచులో పంజాబు డిఫెండరు జర్నైల్ సింగ్ తల పగిలింది. కుట్లు వేశారు. మామూలుగా అయితే వెనక నిలబడి ఎగిరి తలతో బంతుల్ని తిప్పికొట్టడమే ఆయన పని. కుట్లు వేసిన తలతో ఆ పని కుదరదు. రహీం ఆయన్ని ఇంటికి పంపించలేదు, పక్కనా కూర్చోబెట్టలేదు. తీసుకెళ్లి ముందు వరసలో సెంటర్ ఫార్వర్డుగా నిలబెట్టారు. వెనక గోడలా ఉండే మనిషి ముందుకొచ్చి గోల్ కొట్టే మనిషయ్యాడు. సెమీఫైనల్లో దక్షిణ వియత్నాం మీద 3-2తో గెలిచినప్పుడు అందులో జర్నైల్ గోల్ ఒకటి. మిగతా రెండూ కెప్టెన్ చునీ గోస్వామివి. దెబ్బ తగిలిన చోటు కదలకుండా, మిగతా ఒళ్లు పనిచేసేలా చూడడమే మా ఊళ్లో కట్టు కట్టేవాళ్లు చేసే పని. రహీం చేసిందీ అచ్చంగా అదే.

ఫైనల్ నాటికి మైదానం బయటి వాతావరణం మరీ చెడిపోయింది. ఇజ్రాయెల్, తైవాన్ ఆటగాళ్లకు ఇండోనేసియా వీసాలు ఇవ్వలేదు. అలాంటప్పుడు వీటిని ఆసియా క్రీడలని ఎలా అంటారని భారత ప్రతినిధి గురుదత్ సోంధీ ప్రశ్నించారు. జకార్తా భగ్గుమంది. జనం భారత రాయబార కార్యాలయం మీద దాడి చేశారు. ఆటగాళ్లు బస్సులో భయం భయంగా ప్రయాణించారు. తలపాగా కనిపిస్తే గుర్తుపడతారని జర్నైల్ సింగ్ సీట్ల కింద కూర్చొని వచ్చారని తోటివాళ్లు తర్వాత చెప్పుకున్నారు.

1962 సెప్టెంబరు 4. సెనయన్ స్టేడియంలో లక్షమంది దాకా జనం. దాదాపు అందరూ మనకు వ్యతిరేకం. మన జాతీయ గీతం వచ్చినప్పుడూ గోల ఆగలేదు. మన కోసం అరిచినవాళ్లలో పాకిస్తాన్ హాకీ జట్టు ఉంది. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ గొంతు పూడుకుపోతుంది. రహీంకు అప్పటికే ఊపిరితిత్తుల్లో క్యాన్సర్. ఆయన తన పిల్లల్ని కానుకగా బంగారం అడిగారని ఆ ఆటగాళ్లు ముసలితనంలో కూడా తలుచుకున్నారు.

ఎదుట మళ్లీ దక్షిణ కొరియా. తొమ్మిది రోజుల కిందట మనల్ని ఓడించిన జట్టే. 17వ నిమిషంలో పీకే బెనర్జీ గోల్. మూడు నిమిషాలకు, 20వ నిమిషంలో, జర్నైల్ సింగ్ గోల్. కుట్లు వేసిన ఆ మనిషే. కొరియా 85వ నిమిషంలో ఒకటి తిరిగిచ్చింది. గోల్‌లో పీటర్ తంగరాజ్ నిలబడ్డాడు. 2-1. రెండో బంగారం. అయిదు మ్యాచులు, నాలుగు గెలుపులు, 11 గోల్స్ కొట్టి ఆరు ఇచ్చాం.

ఆ తర్వాత తొమ్మిది నెలలకు, 1963 జూన్ 11న రహీం కన్నుమూశారు. ఆయన వయసు 53. అదే ఏడాది బలరాం ఊపిరితిత్తుల జబ్బుతో ఆట మానేశారు. అప్పటికి ఆయనకు ముప్ఫై కూడా నిండలేదు. ఇద్దరినీ ఊపిరే దెబ్బతీసింది.

తరువాతి లెక్కలు

మిగిలిన చరిత్ర చెప్పాలంటే చెయ్యి వేగంగా నడవదు. అయినా చెప్పాలి. 1964లో ఇజ్రాయెల్‌లో నాలుగు దేశాల ఆసియా కప్పులో రెండో స్థానం వచ్చింది. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో జపాన్‌ను 1-0తో ఓడించి కాంస్యం గెలిచాం. ఆ జట్టు కెప్టెన్ సయ్యద్ నయీముద్దీన్ కూడా హైదరాబాదువాడే, రహీం వేసిన దారిలో వచ్చినవాడే. పురుషుల జట్టుకు ఆసియా క్రీడల్లో అదే ఆఖరి పతకం. 1974లో ఆసియా యువజన పోటీల్లో ఇరాన్‌తో కలిసి మనం విజేతలుగా నిలిచినప్పుడు కెప్టెన్ షబ్బీర్ అలీ. ఆయనదీ హైదరాబాదే. పాత నూనె అయిపోయినా వత్తి కొంతసేపు వెలుగుతుంది చూడండి, అలాంటి రోజులవి.

ఆసియా కప్పులో 1984 సింగపూర్‌లో ఒక డ్రా, మూడు ఓటములు. 2011 దోహాలో ఆస్ట్రేలియా, బహ్రెయిన్, దక్షిణ కొరియా మూడూ ఓడించాయి. 2019లో థాయిలాండ్ మీద 4-1తో గెలిచాం, ఛెత్రి రెండు గోల్స్ కొట్టాడు. తర్వాత రెండూ ఓడి ఇంటికొచ్చాం. 2024 జనవరిలో ఖతర్‌లో మూడు మ్యాచుల్లో ఒక్క గోల్ కూడా కొట్టలేకపోయాం. 2025 అక్టోబరులో సొంతగడ్డ మీద సింగపూర్ చేతిలో 1-2తో ఓడడంతో 2027 ఆసియా కప్పు దారి మూసుకుపోయింది. 1956లో 7-1తో ఓడించిన ఆస్ట్రేలియా ఇప్పుడు వరసగా ప్రపంచ కప్పులు ఆడుతోంది. 1962 ఫైనల్లో ఓడిన కొరియా 2002లో ప్రపంచ కప్పు సెమీఫైనల్ ఆడింది.

ఎందుకు ఇలా అయ్యిందన్న ప్రశ్నకు చాలామంది డబ్బు అంటారు, క్రికెట్ అంటారు. 1956లో మన జట్టుకు డబ్బు ఎక్కడుంది? హైదరాబాదు కానిస్టేబులుకు ఎంత జీతముంటుంది? రహీం పోయాక ఆయన చేసిన పని చేసేవాళ్లు లేకుండా పోయారని నేను నమ్ముతాను. ఆయన దేశపు జట్టును ఢిల్లీలో తయారు చెయ్యలేదు. బడి నుంచి మొదలుపెట్టి, వీధి జట్టు, పోలీసు జట్టు, రాష్ట్ర జట్టు మీదుగా పిల్లవాణ్ణి ఒలింపిక్స్ దాకా తానే నడిపించారు. ఒకే చెయ్యి కింద నుంచి పైదాకా ఉంది. ఆ చెయ్యి పోయాక పై మెట్టుకీ కింది మెట్టుకీ పొత్తు తెగిపోయింది. దేశమంతటికీ ఒక లీగు రావడానికి 1996 దాకా ఆగాల్సి వచ్చింది. సంతోష్ ట్రోఫీలో ఆంధ్రప్రదేశ్ చివరిసారి గెలిచింది 1965-66లో.

2022లో హైదరాబాద్ ఎఫ్‌సీ ఇండియన్ సూపర్ లీగు గెలిచిన రాత్రి నాకు రహీం సాబ్ గుర్తొచ్చారు. 2024 సెప్టెంబరులో గచ్చిబౌలిలో భారత జట్టు మారిషస్‌తో 0-0 డ్రా చేసుకొని, సిరియా చేతిలో 0-3తో ఓడిన రోజూ గుర్తొచ్చారు. ఆయన నగరంలోనే ఆ ఓటమి. అదే ఏడాది ఏప్రిల్‌లో ఆయన జీవితం మీద తీసిన 'మైదాన్' సినిమా వచ్చింది. ఆ సినిమాతో కొత్త తరానికి ఆయన పేరు చేరింది. బలరాం 2023 ఫిబ్రవరి 16న కలకత్తాలో చనిపోయారు, ఆ సినిమా చూడలేకపోయారు.

ఆడపిల్లల జట్టు గురించి ఒక మాట చెప్పకపోతే తప్పవుతుంది. మన మహిళల జట్టు ఆసియా కప్పులో రెండుసార్లు రెండో స్థానంలో నిలిచింది. 2025 జూలైలో థాయిలాండ్‌ను దాని సొంతగడ్డ మీద 2-1తో ఓడించి 2026 ఆసియా కప్పుకు అర్హత తెచ్చుకుంది. నిజామాబాదు జిల్లా పిల్ల గుగులోత్ సౌమ్య దేశం తరఫున ఆడే స్థాయికి ఎదిగింది. బంతి మళ్లీ మన ఊళ్ల నుంచి బయలుదేరడం నాకు ఇక్కడే కనిపిస్తోంది.

సాయంత్రం మైదానంలో

ఆ పిల్లోణ్ణి మళ్లీ చూశాను. కట్టు మార్పించుకోవడానికి వచ్చి, సాయంత్రం బడి మైదానంలో తన జట్టు ఆడుతుంటే గట్టున కూర్చొని చూస్తున్నాడు. చెయ్యి మెడకు వేలాడుతోంది. దూరంగా నగరి ముక్కు కొండ మీద ఎండ పసుపుగా ఉంది. వాడు అడిగిన ప్రశ్నకు అప్పుడు జవాబు చెప్పాను. హెల్సింకి, మెల్‌బోర్న్, జకార్తా అన్నీ. అద్దె సైకిలు దగ్గర నవ్వాడు. జర్నైల్ సింగ్ తల కుట్ల దగ్గర తన కట్టు వైపు చూసుకున్నాడు. బలహీనమైన కాలితోనే ఆడాలన్న పోటీ గురించి చెప్పగానే ఇక వాడు నా మాట వినలేదు. లేచి నిలబడి మైదానంలోకి కేకేశాడు.

"రేయ్, ఎడమకాలితోనే ఆడాలంట! కుడికాలు తగిలితే ఫౌలు!"

ముందు నవ్వులాట అయ్యింది. ఒకడు బంతిని తన్నబోయి తానే చతికిలబడ్డాడు. ఇంకొకడి తన్నుకు బంతి గోలు వైపు పోవాల్సింది పోయి వేపచెట్టు వైపు పోయింది. పదిహేను నిమిషాలకు నవ్వులు తగ్గాయి. బంతి నేల మీద ఉంది. ఒకడి నుంచి ఒకడికి పోతోంది. ఎవరూ ఎక్కువసేపు దగ్గర ఉంచుకోవడం లేదు, ఎడమకాలితో అంతసేపు ఉంచుకోవడం వాళ్లకు చేతకావడం లేదు కాబట్టి.

బంతి గట్టు దాటి రోడ్డు మీదికి దొర్లింది. కట్టుతో ఉన్నవాడే ముందు పరిగెత్తాడు. వెనక నుంచి జట్టంతా ఒకటే అరుపు.

"నువ్వు ఆగురా! కట్టు కదిలిపోతుంది!"

వాడు ఆగలేదు. బంతిని అందుకొని, ఒక్క క్షణం కాళ్లు చూసుకొని, ఎడమకాలితో వెనక్కి తన్నాడు.